పళ్లు చూడని బేరం
బంతి విసిరే చెయ్యి నొచ్చితే మనిషి సరుకైపోతాడా?

సంతలో ఎద్దును కొనే రైతు ముందు పళ్లు చూస్తాడు. తర్వాత నడిపించి చూస్తాడు. మెడ మీద కాడి పుండు ఉందేమోనని తడిమి చూస్తాడు. అప్పటికి గానీ తుండుగుడ్డ కింద చేతులు కలిపి ధర మాట్లాడడు. ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి మోసపోవడం కద్దు. అమెరికాలోని చికాగో నగరంలో బేస్‌బాల్ అభిమానులు అలాంటి బేరాన్నే తలచుకుని నేటికీ తలలు పట్టుకుంటారు. అది జరిగింది 1964లో. కాకపోతే అక్కడ చేతులు మారినవి ఎద్దులు కావు, మనుషులు.

మనకు క్రికెట్ ఎలాగో అమెరికా వారికి బేస్‌బాల్ అలాగ. ఆ ఆటలో బంతి విసిరేవాణ్ని పిచర్ అంటారు. మైదానం మధ్య చిన్న మట్టిదిబ్బ ఉంటుంది. పిచర్ దాని మీద నిలబడి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు బంతి విసురుతాడు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. అంటే దూరంలో పెద్ద తేడా లేదు. అయితే ఇక్కడ బంతి నేలను తాకదు. మోచెయ్యి వంచి, ఒళ్లంతా మెలితిప్పి, భుజం బలమంతా కూడదీసి విసరడమే పద్ధతి. గంటకు 145 కిలోమీటర్లకు పైబడిన వేగం అక్కడ సర్వసాధారణం. ఒక ఆటలో ఒక్కొక్కరు ఇలా 80, 90 బంతులు, ఒక్కోసారి 100 దాటి విసురుతారు. ఆ చెయ్యి నలిగిపోదా మరి! అందుకే ఆట మొదలుపెట్టే పిచర్‌కు నాలుగైదు రోజుల విశ్రాంతి ఇచ్చి గానీ మళ్లీ దింపరు.

ఆటలో జట్టు గెలిస్తే ఆ గెలుపును, ఓడితే ఆ ఓటమిని ఎవరో ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. తొమ్మిది మంది ఆడినా లెక్క ఒక్కడి నెత్తిన పడుతుంది. ఏడాది పొడుగునా ఆ లెక్కలు అభిమానుల నాలుకల మీద ఆడుతుంటాయి.

మైదానంలో వాదులాట

పిచర్ తడబడిన రోజు ప్రేక్షకుల గ్యాలరీ రచ్చబండను తలపిస్తుంది. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ శ్రమ లేకుండా మొదటి బేస్‌కు నడిచిపోతాడు. ఇద్దరు అలా నడిచారంటే గుసగుసలు మొదలవుతాయి. మూడోవాడు బంతిని గోడ అవతలికి కొట్టాడంటే ఇక వాదులాటే.

“వెంటనే మార్చెయ్యాలి” అని ఒకరు. “ఇప్పుడే మారిస్తే మిగతా ఆట ఎవరు విసురుతారు?” అని మరొకరు. అందులోనూ నిజం ఉంది. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి పంపిన ఆటగాణ్ని ఆ ఆటలో మళ్లీ తీసుకోవడానికి వీల్లేదు. “అతని చేతిలో మునుపటి పస లేదు, గిరాకీ ఉండగానే వేరే జట్టుకు ఇచ్చేస్తే మేలు” అని ఇంకొకరు. “మనకే వద్దనిపించినవాణ్ని వాళ్లెందుకు తీసుకుంటారు?” అని పక్కవాడు. మన మాటల్లో చెప్పాలంటే, వట్టిపోయిన గేదెకు పాడిగేదె ధర చెప్పడమన్నమాట. ఈలోగా ఏ పెద్దాయనో కల్పించుకుంటాడు. “చెయ్యి నొప్పేమో అడిగారా ఎవరైనా?” అంటాడు. ఆ ప్రశ్నకు గ్యాలరీలో జవాబు ఉండదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే అక్కడ ట్రేడ్ అంటారు. ఒక జట్టు తన ఆటగాళ్లను ఇచ్చి మరో జట్టు ఆటగాళ్లను తెచ్చుకుంటుంది. మనవాళ్లు ఎడ్ల జతను మారు వేసుకున్నట్టే. దీనికి ఏటా ఒక గడువు ఉంటుంది. ఆ రోజుల్లో అది జూన్ 15. ఇప్పుడు జూలై నెలాఖరు ప్రాంతంలో వస్తోంది. గడువు దగ్గరపడే కొద్దీ అభిమానుల నోళ్లకు విశ్రాంతి ఉండదు.

చికాగో మురిసిన రోజు

1964 జూన్ 15న, అంటే సరిగ్గా గడువు రోజునే, చికాగో కబ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్లు బేరం కుదుర్చుకున్నాయి. ఆరుగురు ఆటగాళ్లు చేతులు మారారు. అందులో అసలు పేర్లు రెండే. కార్డినల్స్ ఇచ్చింది ఎర్నీ బ్రోలియో అనే పిచర్‌ను. పుచ్చుకున్నది లూ బ్రాక్ అనే పాతికేళ్ల కుర్రాణ్ని.

పైకి చూస్తే లాభం చికాగోదే. బ్రోలియో 1960లో 21 ఆటలు, 1963లో 18 ఆటలు గెలిపించిన మొనగాడు. బ్రాక్ సంగతి వేరు. చిరుతలా ఉరుకుతాడు గానీ కొట్టడం అంతంత మాత్రం. ఆ ఏడాది అప్పటిదాకా నూరు అవకాశాలు వస్తే పాతిక సార్లే బంతిని సరిగా కొట్టగలిగాడు. చికాగో అభిమానులు చంకలు గుద్దుకున్నారు. ఆ ఊరి పత్రికలో క్రీడా రచయిత ఒకరు కార్డినల్స్ జట్టుకు బాహాటంగానే ధన్యవాదాలు తెలిపారు. కార్డినల్స్ ఆటగాళ్లలోనే కొందరు తమ యాజమాన్యం నష్టపు బేరం చేసిందని పెదవి విరిచారు.

అయితే ఎవరూ పళ్లు చూడలేదు. బ్రోలియో చేతి నొప్పికి కార్టిజోన్ సూదులు వేయించుకుంటూ ఆడుతున్నాడన్న సంగతి తర్వాత బయటపడింది. ఆ ఏడాది అంతకు ముందే కార్డినల్స్‌కు అతను గెలిపించినవి మూడు, ఓడినవి ఐదు. ఆ అంకెలు చూసినప్పుడైనా కొనేవారికి అనుమానం రావలసింది. రాలేదు.

చికాగోకు వచ్చాక ఆ ఏడాది అతను గెలిపించినవి నాలుగే, ఓడినవి ఏడు. నవంబరులో మోచేతికి ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది ఒక్కటే గెలుపు. 1966లో రెండు. మొత్తం మీద చికాగో తరఫున 7 గెలుపులు, 19 ఓటములు. అంతటితో అతని పెద్ద ఆట ముగిసింది. అప్పటికి వయసు ముప్ఫై.

అవతలివైపు బ్రాక్ కొత్త నేలలో నాటిన నారులా లేచాడు. కార్డినల్స్‌లో అతణ్ని స్వేచ్ఛగా ఉరకనిచ్చారు. మిగిలిన సీజన్‌లో నూటికి 35 సార్లు దాకా బంతిని కొట్టాడు. కార్డినల్స్ జట్టు ఆ ఏడాది లీగ్‌ను ఒక్క ఆట తేడాతో గెలుచుకుంది. ఆపై వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్‌ను నాలుగు ఆటలకు మూడుగా ఓడించింది. పిచర్ బంతి విసిరే లోపు ఒక బేస్ నుంచి మరో బేస్‌కు ఉరకడాన్ని అక్కడ స్టీల్ అంటారు, అంటే దొంగిలించడం. బ్రాక్ 1979లో ఆట మానేనాటికి అలాంటివి 938. 1985లో అతణ్ని బేస్‌బాల్ మహామహుల సరసన చేర్చారు.

నాటి నుంచి అమెరికాలో ఏ జట్టయినా మోసపోయే బేరం చేస్తే “ఇది బ్రాక్‌కు బ్రోలియో” అనడం పరిపాటి అయింది. ఒక నిఖార్సయిన ఆటగాడి పేరు అలా నష్టానికి మారుపేరుగా మిగిలింది. 21 ఆటలు గెలిపించిన ఏడాది ఎవరికీ గుర్తులేదు. విశేషమేమంటే, ఈ ఇద్దరూ తర్వాత మంచి స్నేహితులుగా మెలిగారు. బ్రోలియో 2019లో, బ్రాక్ 2020లో కన్నుమూశారు.

“నేను ఆస్తిని కాను” అన్నవాడు

అదే 1964 కార్డినల్స్ జట్టులో బ్రాక్ పక్కనే మైదానం కాపు కాసినవాడు కర్ట్ ఫ్లడ్. నల్లజాతి ఆటగాడు. 12 సీజన్లు ఆ జట్టుకే ఆడాడు. 1969 అక్టోబరులో అతణ్ని ఫిలడెల్ఫియా జట్టుకు మార్చేశారు. ముందుగా ఒక్క మాట అడిగినవారు లేరు.

అప్పటి ఒప్పందాల్లో ఒక షరతు ఉండేది. ఆటగాడు గడువు తీరినా ఆ జట్టుకే కట్టుబడి ఉండాలి. యజమాని అమ్మితే అమ్ముడుపోవాలి. వెళ్లనంటే ఆట మానుకోవలసిందే. మన ఊళ్లలో పాత రోజుల పాలేరు బతుకు తెలిసినవారికి ఈ షరతు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఫ్లడ్ వెళ్లనన్నాడు. కొని అమ్ముకోవడానికి తాను ఒకరి ఆస్తిని కానని కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. 1970లో కోర్టుకెక్కాడు. ఆ ఏడాదంతా ఆట లేదు, జీతం లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచారు. ఫ్లడ్ ఓడిపోయాడు. అతని ఆట కూడా అప్పటికే ముగిసింది.

కానీ అతను వేసిన గింజ మొలకెత్తింది. పదేళ్లు పెద్ద లీగ్‌లో ఆడి, చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ని అతని సమ్మతి లేకుండా మార్చకూడదని 1973 నుంచి నియమం వచ్చింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ పాత షరతే కూలిపోయింది. ఆ తీర్పు తెచ్చుకున్న ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ ఇద్దరూ పిచర్లే కావడం గమనార్హం. ఫ్లడ్ 1997లో మరణించాడు. మరుసటి ఏడాది అమెరికా పార్లమెంటు అతని పేరిట ఒక చట్టం చేసింది.

మన సిరాజ్ మాట

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అని కొట్టిపారేయడానికి లేదు. మన దేశంలోనూ ఐపీఎల్ వచ్చాక వేలాలు, మార్పిడులు వచ్చాయి. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబయికి మారాడు. 2025 నవంబరులో సంజూ శాంసన్‌ను చెన్నై తెచ్చుకుని రవీంద్ర జడేజా, శామ్ కరన్‌లను రాజస్థాన్‌కు ఇచ్చింది. ఐపీఎల్ రాత్రుల్లో మన ఊరి టీ కొట్ల దగ్గర సాగే వాదులాటకూ చికాగో గ్యాలరీ వాదులాటకూ భాషే తేడా.

హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ సంగతే చూడండి. తండ్రి ఆటో నడిపి పెంచాడు. 2018 నుంచి బెంగళూరుకు ఆడాడు. 2019లో అతని బంతులను బ్యాటర్లు చితకబాదారు. “క్రికెట్ మానేసి మీ నాన్నతో ఆటో నడుపుకో” అని అప్పట్లో జనం తనను ఎగతాళి చేశారని సిరాజే స్వయంగా చెప్పాడు. తండ్రి వృత్తిని కూడా తిట్టుగా మార్చిన మాట అది.

బెంగళూరు జట్టు మాత్రం తొందరపడలేదు, అతణ్ని ఉంచుకుంది. 2020 అక్టోబరులో కోల్‌కతా మీద సిరాజ్ 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన తొలి ఐపీఎల్ బౌలర్ అయ్యాడు. ఆ నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి కన్నుమూశాడు. సిరాజ్ అక్కడే ఉండిపోయి, 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టులో ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు పడగొట్టాడు.

చివరికి బెంగళూరూ వదులుకుంది. 2024 నవంబరు వేలంలో గుజరాత్ అతణ్ని 12.25 కోట్లకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో బెంగళూరు వెళ్లి పాత జట్టు మీద 3 వికెట్లు తీశాడు. నాలుగు రోజులకు సొంతగడ్డ ఉప్పల్‌లో హైదరాబాద్ జట్టు మీద 17 పరుగులకు 4 వికెట్లు. అదే ఏడాది ఆగస్టులో లండన్ ఓవల్ టెస్టు చివరి రోజున ఇంగ్లండ్‌ను 6 పరుగుల తేడాతో భారత్ ఓడించినప్పుడు ఆఖరి వికెట్ పడగొట్టినవాడూ అతనే.

బ్రోలియోకు చెయ్యి కుదుటపడే వ్యవధి దొరకలేదు. సిరాజ్‌కు నిలదొక్కుకునే వ్యవధి దొరికింది. ఇద్దరి కథకూ ముడి అక్కడే ఉంది. ఓడిన రోజున ఆటగాణ్ని నిలదీసే హక్కు అభిమానికి లేదని కాదు. డబ్బు పెట్టి, పని మానుకుని చూసేవాడు అడగడా? అడుగుతాడు. అయితే అమ్మెయ్యండి, మార్చెయ్యండి అని నోరు చేసుకునే ముందు ఆ పెద్దాయన ప్రశ్న ఒకటి అడగడం న్యాయం. చెయ్యి నొప్పిగా ఉన్నదేమో ఎవరైనా కనుక్కున్నారా? కాడి మోసే ఎద్దు మెడను తడిమి చూసే మన రైతుకు ఈ మాట ఒకరు నేర్పవలసిన పని లేదు.