గ్రామ రక్షణకు సత్యసమాచారము: పోలీసుల విధి, పంచాయతీల బాధ్యత

గ్రామమున శాంతిభద్రతలు నిలుచుటకు పోలీసుల లాఠీ ఒక్కటియే చాలదు. ఆపద ఏ రూపమున రానున్నదో ప్రజలకు ముందుగా తెలియవలెను. గ్రామమున ఏమి జరుగుచున్నదో పోలీసులకు వెంటనే తెలియవలెను. ఈ రెండు మార్గములును తెరచియున్నచోట నేరము తగ్గును, భయము తగ్గును. అవి మూసికొనిపోయిన చోట ఆ ఖాళీని వదంతి ఆక్రమించును. ఇంటింట సెల్‌ఫోనున్న ఈ కాలమున వదంతి ఊరు చేరుటకు నిమిషము చాలును. దానిని ఆపుటలో పంచాయతీ సభ్యులకు గల స్థానమేమో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వదంతి తెచ్చిన కీడు

2018వ సంవత్సరమున దేశములోని పలు రాష్ట్రములందు పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వార్త వాట్సాప్ ద్వారా వ్యాపించెను. ఎచటనో, ఎన్నడో తీసిన చిత్రములను జతచేసి, అవి మన ప్రక్క ఊరివేయని ప్రచారము చేసిరి. కొత్తముఖము కనబడినచో అనుమానించుట, చుట్టుముట్టి కొట్టుట పలుచోట్ల జరిగెను. తెలుగు ప్రాంతములును దీనికి దూరముగా నుండలేదు.

ఆ సంవత్సరము జూలై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున సంత జరుగుచుండెను. భిక్షాటనచే జీవించు సంచారజాతివారు ఐదుగురు షోలాపూరు జిల్లానుండి అచటికి వచ్చియుండిరి. పిల్లల దొంగలను అనుమానముతో జనులు వారిని పట్టుకొని, గ్రామ పంచాయతీ కార్యాలయపు గదిలో చేర్చి, అచటనే కొట్టి చంపిరి. వారు ఏ బిడ్డను అపహరించినవారు కారు.

పంచాయతీ సభ్యులు ఈ సంఘటనలో ఒక విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. ఆపదలోనున్న మనుష్యునకు గ్రామమున ఆశ్రయము కావలసిన భవనము పంచాయతీ కార్యాలయమే. ఆ భవనమే అచట వధ్యస్థానమైనది. అపరిచితుల గుంపు వచ్చినపుడు ఏమి చేయవలెనో, పోలీసులకు ఎట్లు తెలుపవలెనో ముందుగా నిశ్చయింపబడియుండని గ్రామమున ఇట్టి ఘోరము ఎచటనైనను సంభవింపవచ్చును.

గద్వాల జిల్లా అనుభవము

అదే సంవత్సరమున అదే వదంతి తెలంగాణమందలి జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతములకును వచ్చెను. అప్పుడు అచట పోలీసు సూపరింటెండెంటుగా నుండినవారు శ్రీమతి రెమా రాజేశ్వరి. గ్రామములను ఒక్కొక్క పోలీసు ఉద్యోగికి అప్పగించి, అతడు తరచుగా ఊరికి పోయి ప్రజలతో మాటాడునట్లు ఏర్పాటు గావింపబడియుండెను. వేసవిలో ఆరుబయట నిద్రించు జనులు ప్రొద్దుగుంకగనే తలుపులు మూసికొని లోపలనే యుండుటను ఈ ఉద్యోగులు గమనించిరి. కారణమడుగగా, ప్రజలు తమ ఫోనులకు వచ్చిన భీకర చిత్రములను చూపిరి.

పోలీసులు ప్రజలను గద్దింపలేదు. ఊరూర తిరిగి ఆ చిత్రములు అబద్ధములని నచ్చజెప్పిరి. డప్పులతో, జానపదుల పాటలతో ప్రచారము చేసిరి. అనుమానము కలిగినచో చట్టమును చేతిలోనికి తీసికొనక తమకు తెలుపుడని కోరిరి. సుమారు 400 గ్రామములుగల ఆ ప్రాంతమున వదంతి కారణముగా ఒక్క ప్రాణమైనను పోలేదని ఆనాటి పత్రికలు వ్రాసినవి.

ఇందలి రహస్యము సామాన్యమైనది. వదంతి రాకముందే ఆ పోలీసు ఉద్యోగి ఊరివారికి పరిచితుడు. పరిచయము లేనివాడు వచ్చి “ఇది అబద్ధము” అన్నచో ఎవరు నమ్ముదురు? నమ్మకము ఆపద్దినమున పుట్టునది కాదు. మామూలు దినములలో కూడబెట్టుకొనవలసినది.

2018 జూలై 17న సుప్రీంకోర్టు మూకహత్యల విషయమున ఇచ్చిన తీర్పులో, జిల్లాకొక నోడల్ అధికారిని సూపరింటెండెంటు హోదాకు తగ్గకుండ నియమింపవలెనని, మూకదాడులకు తీవ్రశిక్ష తప్పదని ప్రభుత్వములు ప్రజలలో ప్రచారము చేయవలెనని ఆదేశించెను. ప్రజలకు సమాచారమిచ్చుట పోలీసుల దయ కాదు, విధి యని దీనివలన తేటపడుచున్నది.

చట్టము సభ్యునిపై ఉంచిన విధి

పూర్వము ఊరిలో జరిగిన నేరమును ఠాణాకు తెలుపు పని ఆంధ్ర ప్రాంతమున గ్రామ మునసబుది, తెలంగాణమున పోలీసు పటేలుది. 1984లో శ్రీ ఎన్. టి. రామారావు ప్రభుత్వము పార్ట్‌టైము గ్రామాధికారుల పదవులను రద్దుచేసెను. “ఇక ఆ పని ఎవరిది?” యని పెక్కురు అడుగుదురు. చట్టము దీనికి స్పష్టముగా సమాధానమిచ్చుచున్నది.

2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను ప్రకారము గ్రామ వ్యవహారములతో సంబంధముగల ప్రతి అధికారియు, గ్రామమున నివసించు ప్రతివ్యక్తియు కొన్ని విషయములను తమకు తెలిసిన వెంటనే సమీపమందలి మేజిస్ట్రేటుకు గాని, పోలీసు స్టేషను అధికారికి గాని తెలుపవలెను. “అధికారి” యనగా పంచాయతీ సభ్యుడును అని ఆ సెక్షనే చెప్పుచున్నది. పూర్వపు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 40వ సెక్షనులోను ఇట్లే యుండెను.

తెలుపవలసిన వానిలో ముఖ్యమైనవి: దొంగసొత్తు కొని యమ్ముటలో పేరుపడినవాడు ఊరిలో నివసించుట, దోపిడీదారు, పారిపోయిన ఖైదీ యని అనుమానింపదగినవాడు ఊరికి వచ్చుట, బెయిలుకు హక్కులేని నేరము గాని, చట్టవిరుద్ధమైన గుంపుగూడుట, దొమ్మీ గాని జరుగుట లేదా జరుగనున్నదని తెలియుట, ఆకస్మిక మరణము, అసహజ మరణము, శవము కనబడుట, నేరమేదో జరిగెనను అనుమానమునకు తావిచ్చునట్లు మనిషి కనబడకపోవుట. తెలిసియు బుద్ధిపూర్వకముగా తెలుపకున్నచో అది శిక్షార్హము. “ఊరి గొడవ ఊరిలోనే సర్దుకొందము” అని హత్యను, అనుమానాస్పద మరణమును కప్పిపుచ్చు అధికారము ఏ పెద్దమనుష్యునకును లేదు.

పోలీసులనుండి పొందదగిన హక్కులు

పోలీసులకును అదే చట్టము విధులను నిర్ణయించినది. నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను, ఏ స్టేషనులోనైనను సమాచారమీయవచ్చును. “మా పరిధి కాదు” అని త్రిప్పిపంపరాదు. నోటిమాటగా చెప్పినదానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ఫోను, కంప్యూటరుల ద్వారా పంపినచో మూడు దినములలో సంతకము చేయవలసియుండును. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఖర్చులేకుండ వెంటనే ఈయవలెను. స్టేషను అధికారి నమోదు చేయనిచో సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకముగా, టపాద్వారానైనను, పంపుకొనవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలోపల ఫిర్యాదికి గాని బాధితునికి గాని తెలియజేయవలెనని 193వ సెక్షను నిర్దేశించుచున్నది. ఈ సంగతులు నిరక్షరాస్యులకు తెలియవు. సభ్యుడు తాను తెలిసికొని వారికి చెప్పుట గొప్ప సేవ.

నేటి కొత్త మోసములు

పోలీసు వేషమునే మోసగాండ్రు ధరించుచున్న కాలమిది. పోలీసు దుస్తులతో వీడియో కాల్‌లో కనబడి, “మీపై కేసున్నది, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, ఇంటినుండి కదలరాదు, డబ్బు పంపుడు” అని బెదరింతురు. మన చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేనేలేదు. ఏ పోలీసు అధికారియు ఫోనులో డబ్బడుగడు. ఈ రెండు వాక్యములను గ్రామసభలో గట్టిగా చదివించినచో ఎందరి కష్టార్జితమో నిలుచును. డబ్బు పోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసినచో ఆ సొమ్మును బ్యాంకులలో నిలుపుటకు అంత అవకాశముండును. ఇతర అత్యవసరములకు 112, పిల్లల విషయమున 1098, స్త్రీల సహాయమునకు 181 నంబర్లు కలవు.

చాటదగినవి, చాటరానివి

సమాచారము మేలుచేయునదే యైనను, ప్రతి సంగతియు చాటదగినది కాదు. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును గాని, ఆమెను గుర్తుపట్టుటకు వీలగు వివరములను గాని బయటపెట్టుట నేరము. నేరమునకు గురియైన బాలల విషయమునను, నేరారోపణకు గురియైన బాలల విషయమునను ఇట్టి నిషేధమే కలదు. అనుమానితుని దొంగయని మైకులో ప్రకటించుట, అతని ఫొటోను వాట్సాప్‌లో త్రిప్పుట అన్యాయము. కోర్టు తేల్చువరకు అతడు అనుమానితుడు మాత్రమే. ప్రజలలో భయమును, వైరమును రేపునట్టి అబద్ధపు వార్తలను వ్యాపింపజేయుట భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షను క్రింద శిక్షార్హము. “నేను వ్రాయలేదు, వచ్చినదానిని పంపితిని” అనుట నిర్దోషిత్వమునకు హామీ కాదు.

పంచాయతీలు చేయదగినవి

గ్రామసభకు స్టేషను అధికారిని పిలిచి, గత కొలది మాసములలో ఆ ప్రాంతమున జరిగిన దొంగతనములు, ప్రమాదములు, మోసములు ఎట్టివో చెప్పింపవలెను; ప్రజల ప్రశ్నలకు సమాధానమడుగవలెను. స్టేషను ఫోను నంబరును, సహాయపు నంబర్లను కార్యాలయపు గోడపై పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. భయపెట్టు వార్త వచ్చినచో ముందుగా స్టేషనును అడిగి, అధికారి చెప్పిన మాటనే చాటింపు వేయింపవలెను. ఊరి వాట్సాప్ గుంపులోను ఆ మాటనే పెట్టవలెను. సెల్‌ఫోను లేని వృద్ధులకు, ఊరికి దూరముగానున్న వాడలకు చాటింపు తప్పక చేరవలెను.

బిచ్చగాండ్రు, గంగిరెద్దులవారు, వలస కూలీలు, తిరుగుడు వర్తకులు ఊరికి వచ్చుట అనాదినుండి కలదు. వారిని జనులు నిలదీసిరని తెలిసిన మరుక్షణము సభ్యులు అచటికి పోయి, 112కు ఫోను చేసి, పోలీసులు వచ్చువరకు ఆ మనుష్యులను కాపాడవలెను. ఒక్క సభ్యుడు పోవుటకంటె, అన్ని వాడల సభ్యులును కలిసి పోవుట మేలు. ఆ కొద్దిసేపు ఊరి పెద్దలు నిలబడినచో ప్రాణములు నిలుచును. అనంతరము కేసులపాలు కావలసిన ఊరి యువకుల జీవితములును నిలుచును.

ఇందుకు నిధులక్కరలేదు, కొత్త భవనములక్కరలేదు. రానున్న గ్రామసభ కార్యక్రమ పత్రములో “ప్రజారక్షణ సమాచారము” అను ఒక్క అంశమును చేర్చి, స్టేషను అధికారికి ఆహ్వానము పంపినచో పని ఆరంభమైనట్లే. సత్యము తెలిసిన గ్రామము తొందరపడదు. తొందరపడని గ్రామమున నిరపరాధికి భయముండదు.