దిగుమతి ఏజెన్సీ రుసుములు – కనబడని ఖర్చులను ముందుగా గుర్తించే విధానం

విదేశీ యంత్రానికి విక్రేత చెప్పే ధర ఒకటి, ఆ యంత్రం గోదాములో దిగేసరికి అయ్యే ఖర్చు మరొకటి. చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు శుద్ధి చేసే రైతు ఉత్పత్తిదారుల సంస్థలు గింజలను రంగును బట్టి వేరుచేసే కలర్ సార్టర్లను, విత్తన సంస్థలు శుద్ధి యంత్రాలను, పరిశోధనా కేంద్రాలు ప్రయోగశాల పరికరాలను విదేశాల నుంచి తెప్పించుకోవడం నేడు అరుదైన విషయం కాదు. అయితే ప్రాజెక్టు నివేదికలో చాలా సందర్భాల్లో విక్రేత పంపిన ప్రొఫార్మా ఇన్వాయిస్‌లోని ధర మాత్రమే చోటు చేసుకుంటుంది. రుణం కూడా ఆ ధర మేరకే మంజూరైతే, మిగిలిన ఖర్చులను సభ్యుల వాటా ధనం నుంచి భరించవలసి వస్తుంది. గింజ కొనుగోలుకు ఉంచుకున్న నిర్వహణ మూలధనం రేవులోనే కరిగిపోతే, యంత్రం వచ్చినా దానికి పని ఉండదు.

ఇటువంటి సందర్భాల్లో ఏజెంటు రుసుము ఎక్కువని భావించి దానిపైనే బేరమాడటం పరిపాటి. నిజానికి మొత్తం ఖర్చులో ఆ రుసుము చాలా చిన్న భాగం. నష్టం ప్రధానంగా మూడు చోట్ల జరుగుతుంది. అవి ఒప్పందంలోని పదాలు, రసీదు లేని పద్దులు, ఆలస్యం. ఈ మూడింటినీ సరుకు ఓడ ఎక్కక ముందే అదుపు చేయవచ్చు.

ఏజెంట్లలో రకాలు

వాడుకలో అందరినీ ‘క్లియరింగ్ ఏజెంటు’ అనే అంటారు. కానీ విధులు వేరు, బాధ్యతలు వేరు. కస్టమ్స్ చట్టం, 1962 కింద లైసెన్సు పొంది, దిగుమతిదారు తరఫున బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసే వ్యక్తి లేదా సంస్థ కస్టమ్స్ బ్రోకరు. ఓడలోనో విమానంలోనో స్థలం ఏర్పాటు చేసి సరుకు రవాణా చూసేది ఫ్రైట్ ఫార్వర్డరు. విదేశీ తయారీదారు తరఫున ఇక్కడ అమ్మకాలు చేసేది భారతీయ ప్రతినిధి. దిగుమతిదారు తరఫున విదేశంలో విక్రేతను వెతికి, సరుకును తనిఖీ చేయించేది కొనుగోలు ప్రతినిధి. ఒకే సంస్థ వీటిలో రెండు మూడు పనులు చేయవచ్చు. అప్పుడు ఏ పనికి ఎంత రుసుమో విడివిడిగా రాయించుకోవాలి. లేకుంటే ఒకే సేవకు రెండు పేర్లతో బిల్లు వచ్చే అవకాశం ఉంటుంది.

సొమ్ము ఎవరికి చేరుతుంది?

ఖర్చులను వాటి పేర్లను బట్టి కాక, సొమ్ము అందుకొనే వారిని బట్టి విభజించడం సులభమైన పద్ధతి. మొదటి వర్గం ప్రభుత్వానికి చేరేవి. కస్టమ్స్ సుంకం, దానిపై సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ఐ.జి.ఎస్.టి., మొక్కల క్వారంటైన్ తనిఖీ రుసుము ఇందులోకి వస్తాయి. రెండవ వర్గం ఓడ కంపెనీకి లేదా ఫార్వర్డరుకు చేరేవి. రవాణా కిరాయి, డెలివరీ ఆర్డర్ రుసుము, కంటైనర్ డిటెన్షన్ ఈ కోవలోవి. మూడవ వర్గం రేవుకు, కంటైనర్ ఫ్రైట్ స్టేషనుకు లేదా విమానాశ్రయ కార్గో కేంద్రానికి చేరేవి. దించుడు, నిర్వహణ ఖర్చులు, నేల అద్దె, డెమరేజి వీటికి ఉదాహరణలు. నాల్గవ వర్గం ఏజెంటు సేవా రుసుము.

మొదటి మూడు వర్గాల్లోని ప్రతి పైసాకు ఏజెంటు కాని మరొకరు ఇచ్చిన చలాను, బిల్లు లేదా రసీదు తప్పక ఉంటుంది. ఏజెంటు సొంత ఇన్వాయిస్‌తో వసూలు చేయదగినది నాల్గవ వర్గం మాత్రమే. ఈ నాలుగింటిలో ఎక్కడా ఇమడని ‘ఇతరములు’, ‘పరీక్ష ఖర్చులు’ వంటి పద్దు కనిపిస్తే వివరణ కోరాలి. అధికారులకు అనధికారంగా ఇచ్చే సొమ్మును ఆ పేరుతో చూపితే అంగీకరించరాదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే.

ఒక నమూనా లెక్క

ఎఫ్.ఓ.బి. ధర రూ. 10,00,000 ఉన్న కలర్ సార్టర్‌ను సముద్ర మార్గంలో తెప్పించుకున్నట్లు భావిద్దాం. కస్టమ్స్ సుంకం 7.5 శాతం, ఐ.జి.ఎస్.టి. 18 శాతం అనుకుందాం. కింది అంకెలన్నీ లెక్క తీరు తెలిపేందుకు తీసుకున్నవే. వాస్తవ రేట్లను దిగుమతి సమయంలో, యంత్రం టారిఫ్ శీర్షికను బట్టి సరిచూసుకోవాలి.

ఎఫ్.ఓ.బి. ధర – రూ. 10,00,000
సముద్ర రవాణా – రూ. 40,000
బీమా – రూ. 10,000
సుంకం లెక్కించే విలువ (సి.ఐ.ఎఫ్.) – రూ. 10,50,000
కస్టమ్స్ సుంకం, 7.5 శాతం – రూ. 78,750
సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, సుంకంపై 10 శాతం – రూ. 7,875
ఐ.జి.ఎస్.టి., రూ. 11,36,625పై 18 శాతం – రూ. 2,04,593
రేవు, ఓడ కంపెనీ ఖర్చులు – రూ. 45,000
ఏజెంటు రుసుము రూ. 15,000, దానిపై జి.ఎస్.టి. – రూ. 17,700
గోదాము వరకు లారీ కిరాయి – రూ. 25,000
మొత్తం – రూ. 14,28,918

పది లక్షల యంత్రం గోదాముకు చేరేసరికి పద్నాలుగు లక్షలు దాటింది. ఇందులో దాచిన ఖర్చు ఏదీ లేదు. ఇదంతా ముందుగా లెక్కించగలిగినదే. ఐ.జి.ఎస్.టి. విషయంలో మరొక జాగ్రత్త అవసరం. జి.ఎస్.టి. నమోదు ఉండి, పన్ను వర్తించే ఉత్పత్తులు అమ్మే సంస్థ ఈ సొమ్మును ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తిరిగి పొందవచ్చు. పన్ను మినహాయింపు ఉన్న ధాన్యాన్ని మాత్రమే విడిగా అమ్మే సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు. అటువంటి సంస్థకు రెండు లక్షల రూపాయలు నికర వ్యయమే.

ఖర్చులు పెరిగే చోట్లు

మొదటిది ఒప్పందంలోని పదం. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన ఇన్‌కోటర్మ్స్ 2020లో 11 పదాలు ఉన్నాయి. ఎఫ్.ఓ.బి. అంటే విక్రేత బాధ్యత సరుకును ఓడపై చేర్చడంతో ముగుస్తుంది. సి.ఐ.ఎఫ్. అంటే గమ్య రేవు వరకు కిరాయి, బీమా విక్రేతవే. సి.ఐ.ఎఫ్. ధర చూసి రేవు వరకు ఇక ఖర్చే లేదని దిగుమతిదారు భావిస్తాడు. కానీ సరుకు దిగిన తరువాత గమ్యస్థానంలో ఫార్వర్డరు వసూలు చేసే రుసుములు అందులో సాధారణంగా చేరవు. కంటైనర్ నిండని చిన్న సరుకులో ఈ ఇబ్బంది ఎక్కువ. విక్రేతను ఆకర్షించేందుకు బయలుదేరే రేవులో కిరాయి నామమాత్రంగా చూపి, ఆ లోటును గమ్య రేవులో డెలివరీ ఆర్డర్ ఇచ్చే ముందు కొనుగోలుదారు నుంచి రాబట్టడం ఈ రంగంలో తెలిసిన పద్ధతే. ఆ ఫార్వర్డరును ఎంచుకున్నది విక్రేత కనుక కొనుగోలుదారుకు బేరమాడే అవకాశం ఉండదు. దీనికి రెండు మార్గాలున్నాయి. ఎఫ్.ఓ.బి. పద్ధతిలో కొని సొంత ఫార్వర్డరును నియమించుకోవడం ఒకటి. సి.ఐ.ఎఫ్. తప్పనిసరైతే గమ్యస్థాన రుసుముల పట్టికను ఆర్డరుకు ముందే లిఖితపూర్వకంగా తెప్పించుకోవడం రెండవది.

సరుకు కొలత కూడా ఇక్కడ ముఖ్యం. చిన్న సరుకుకు సముద్ర కిరాయిని ఒక ఘనపు మీటరు లేదా ఒక టన్ను, వీటిలో ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు. విమాన రవాణాలో ఘనపు మీటరును సుమారు 167 కిలోలుగా పరిగణిస్తారు. తేలికైన యంత్రాన్ని పెద్ద పెట్టెలో ఉంచితే ఖాళీ స్థలానికీ కిరాయి కట్టినట్లే.

రెండవది బిల్లు రాసే తీరు. ఏజెంటు తన రుసుము రూ. 15,000ను, రేవుకు, ఓడ కంపెనీకి దిగుమతిదారు తరఫున కట్టిన రూ. 45,000ను కలిపి రూ. 60,000గా చూపి మొత్తంపై 18 శాతం జి.ఎస్.టి. వేస్తే పన్ను రూ. 10,800 అవుతుంది. విడిగా చూపితే రూ. 2,700 మాత్రమే. తేడా రూ. 8,100. రేవు, ఓడ కంపెనీ బిల్లుల్లో జి.ఎస్.టి. ఇదివరకే చేరి ఉంటుంది కనుక ఇది పన్నుపై పన్ను. సి.జి.ఎస్.టి. నిబంధనలు, 2017లోని 33వ నిబంధన ప్రకారం, దిగుమతిదారు అనుమతితో అతని తరఫున చెల్లించి, ఇన్వాయిస్‌లో విడిగా చూపి, చెల్లించినంత మాత్రమే తిరిగి తీసుకొన్న సొమ్ము ఏజెంటు సేవా విలువలో చేరదు. ఏజెంటు ‘ప్యూర్ ఏజెంటు’గా వ్యవహరిస్తాడన్న వాక్యం ఒప్పందంలో ఉండటం ఇందుకే అవసరం.

మూడవది, అన్నిటికంటె భారమైనది ఆలస్యం. సముద్ర మార్గంలో వచ్చే సరుకుకు సాధారణంగా ఓడ చేరే రోజుకు ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి. తగిన కారణం లేకుండా గడువు దాటితే మొదటి మూడు రోజులకు రోజుకు రూ. 5,000, ఆపై రోజుకు రూ. 10,000 ఆలస్య రుసుము పడుతుంది. ఐదు రోజుల జాప్యానికి రూ. 35,000 అవుతుంది. ఇది పై లెక్కలోని ఏజెంటు రుసుముకు రెండింతలకు పైగా ఉంది. సుంకం గడువులోగా చెల్లించకపోతే 15 శాతం వార్షిక వడ్డీ అదనం. వీటికి తోడు రేవులో సరుకు నిలిచినందుకు డెమరేజి, కంటైనర్‌ను ఉచిత గడువులోగా ఖాళీగా తిరిగి ఇవ్వనందుకు డిటెన్షన్ పడతాయి. మొదటిది సరుకును నిల్వ ఉంచిన కేంద్రానికి, రెండవది ఓడ కంపెనీకి చేరుతుంది. రెండూ ఒకే కాలానికి పడవచ్చు. రోజులు గడిచే కొద్దీ రేటు అంచెలంచెలుగా పెరుగుతుంది.

ఆలస్యానికి కారణాలు చాలా వరకు కాగితాలకు సంబంధించినవే. అసలు బిల్ ఆఫ్ లాడింగ్ సకాలంలో అందకపోవడం, ఇన్వాయిస్‌కూ ప్యాకింగ్ జాబితాకూ పొంతన లేకపోవడం, టారిఫ్ శీర్షికపై వివాదం ముఖ్యమైనవి. చెక్క పెట్టెల విషయం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు సుపరిచితమే. ఐ.ఎస్.పి.ఎం. 15 ప్రమాణం ప్రకారం చెక్క ప్యాకింగ్‌ను లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు ఉండేలా వేడి చేసి గానీ, మిథైల్ బ్రోమైడ్ వంటి ఆమోదిత పొగతో శుద్ధి చేసి గానీ ముద్ర వేయాలి. ఆ ముద్ర లేని ఒక్క పెట్టె వల్ల సరుకు ఆగిపోయి, ఇక్కడ శుద్ధి ఖర్చు, నిల్వ ఖర్చు మీద పడతాయి.

కమీషన్ ఎవరి తరఫున?

కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనలు, 2007లో ఉపయోగకరమైన తేడా ఒకటి ఉంది. దిగుమతిదారు తన సొంత ప్రతినిధికి ఇచ్చే కొనుగోలు కమీషన్ సుంకం లెక్కించే విలువలో చేరదు. విక్రేత తరఫు ప్రతినిధికి కొనుగోలుదారు చెల్లించే కమీషన్ ధరలో కలిసి లేకుంటే ఆ విలువలో చేరుతుంది. కాబట్టి ఆ ప్రతినిధి ఎవరి తరఫున పనిచేస్తున్నాడో పత్రాల్లో స్పష్టంగా ఉండాలి. విశ్వవిద్యాలయాలు పరికరాలు కొనేటప్పుడు భారతీయ ప్రతినిధి కమీషన్‌ను కొటేషన్‌లో విడిగా చూపమని కోరడం మంచిది.

మొక్కల పదార్థాలకు అదనపు జాగ్రత్త

యంత్రం రేవులో నిలిస్తే డబ్బు పోతుంది. మొలకెత్తిన విత్తనం నిలిస్తే పంట అవకాశమే పోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆయిల్ పామ్ విస్తరణకు విదేశీ మొలకెత్తిన విత్తనాలు వస్తున్నాయి. వీటిలో ప్రతి రోజు జాప్యం బతికే మొలకల శాతాన్ని తగ్గిస్తుంది. మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఫైటోశానిటరీ ధ్రువపత్రం అవసరం. ఆ ధ్రువపత్రంలో ఉత్తర్వు కోరిన అదనపు ప్రకటనలు అక్షరాలా ఉండాలి. దాని నమూనాను సరుకు బయలుదేరక ముందే తెప్పించుకొని సరిచూడటానికి ఖర్చేమీ లేదు. ప్రవేశానంతర క్వారంటైన్ అవసరమైన పదార్థాలకు ఆ వసతి ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి. పరిశోధన కోసం స్వల్ప పరిమాణంలో జన్యు వనరులు తెప్పించుకొనే శాస్త్రవేత్తలు, విద్యార్థులు జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ద్వారానే అనుమతి పొందాలి.

పాటించవలసిన పద్ధతులు

• సంస్థ పేరుతోనే దిగుమతి, ఎగుమతి కోడ్ తీసుకోవాలి. ఇతరుల కోడ్‌పై సరుకు తెప్పించుకుంటే సుంకపు పత్రాలు, పన్ను క్రెడిట్, చట్టపరమైన హక్కు అన్నీ వారి పేరుతోనే ఉంటాయి.
• కనీసం ముగ్గురు ఏజెంట్ల నుంచి ఒకే నమూనా పట్టికలో, నాలుగు వర్గాలుగా, గోదాము వరకు అయ్యే మొత్తం ఖర్చును కోరాలి. ఏజెంటు రుసుమును కాక ఈ మొత్తాన్ని పోల్చాలి.
• కస్టమ్స్ బ్రోకరు లైసెన్సును పరిశీలించి, అధికార పత్రం ఇవ్వాలి.
• సుంకాన్ని ఐస్‌గేట్ ద్వారా సంస్థ ఖాతా నుంచి నేరుగా చెల్లించాలి.
• ఏజెంటుకు ముందస్తు సొమ్ము ఇస్తే లెక్క చెప్పే గడువును ఒప్పందంలో రాయాలి. కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నిబంధనలు, 2018 ప్రకారం చెల్లించవలసిన రుసుములకు మించి తీసుకొన్న సొమ్ముకు బ్రోకరు వెంటనే లెక్క చెప్పాలి.
• కొరియా, జపాన్ వంటి ఒప్పంద దేశాల సరుకుకు సుంకపు రాయితీ వర్తిస్తుందేమో ఆర్డరుకు ముందే చూడాలి. రాయితీ కోరితే ఆ దేశంలోనే తయారైనట్లు తెలిపే మూల ధ్రువపత్రంతో పాటు, 2020 నాటి నిబంధనల ప్రకారం దాని ఆధారాలనూ దిగుమతిదారు తన వద్ద ఉంచుకోవాలి.
• కంటైనర్ ఉచిత గడువును వీలైనంత ఎక్కువ రోజులకు ముందుగానే రాయించుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

యంత్రం సామర్థ్యం, గంటకు శుద్ధి చేసే పరిమాణం, విద్యుత్ వినియోగం గురించి విస్తరణ శాస్త్రవేత్తలు ఇచ్చే సలహా విలువైనది. దానితో పాటు గోదాము వరకు అయ్యే ఖర్చును కూడా లెక్కించి చూపితేనే ఆ సలహా సంపూర్ణమవుతుంది. యంత్రపు తరుగుదల, క్వింటాలుకు శుద్ధి ఖర్చు, లాభనష్టాల సమస్థితి వంటి అంచనాలన్నీ ఆ మొత్తం మీదనే ఆధారపడి ఉంటాయి. పై నమూనాలో రూ. 10 లక్షలపై వేసిన లెక్కకూ, రూ. 14.29 లక్షలపై వేసిన లెక్కకూ మధ్య తేడా సంస్థ నిలదొక్కుకోవడాన్నే నిర్ణయించవచ్చు. వ్యవసాయ ఆర్థిక శాస్త్రం, ప్రాసెసింగ్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులకు ఒక వాస్తవ బిల్ ఆఫ్ ఎంట్రీని, ఏజెంటు బిల్లును ఇచ్చి ప్రతి పద్దునూ దాని రసీదుతో జతపరచమని చెప్పడం మంచి అభ్యాసం. జత దొరకని పద్దుల మొత్తం ఎంతో తేల్చగలిగిన విద్యార్థి, రేపు ఒక రైతు సంస్థ బోర్డు సమావేశంలో సరైన ప్రశ్న అడగగలుగుతాడు.