ఉద్యోగము, ప్రయాణము – మానవుని తృప్తి

పట్టణములో కాపురముండి, ఇరువది ముప్పది కిలోమీటర్ల దూరములోని పాఠశాలకో, కార్యాలయమునకో ప్రతిదినము బస్సులో పోయి వచ్చువారు మన రెండు తెలుగు రాష్ట్రములలోను లెక్కకు మిక్కిలిగా కలరు. “ఉద్యోగము ఎట్లున్నది?” అని వారిని అడిగినచో పెక్కుమంది “బాగానే ఉన్నది” అందురు. వెంటనే “ఈ తిరుగుడే కష్టము” అని కలుపుదురు. పని వేరు, పనికి పోవు దారి వేరు అని మనము భావించుచున్నాము. కాని ఈ రెండింటిని గూర్చి శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, రెండుచోట్లను మనిషిని కుంగదీయు అంశము చాలవరకు ఒక్కటే అని తోచుచున్నది. అది జీతము కాదు. దూరము కూడ పూర్తిగా కాదు. అదేమో తెలిసికొనుటకు ముందు, తృప్తిని కొలుచుట ఎట్లో చూడవలెను. తృప్తి త్రాసులో తూగునది కాదు కదా!

అన్నిటికంటె సులువైన పద్ధతి అడుగుట. 1935లో అమెరికా దేశీయుడైన రాబర్ట్ హాపాక్ ఉద్యోగ తృప్తిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. పెన్సిల్వేనియా రాష్ట్రములోని న్యూ హోప్ అను చిన్న ఊరిలో పనిచేయు పెద్దలను ప్రశ్నించి, వారి సమాధానములకు అంకెలు కట్టెను. అవి ఆర్థిక మాంద్యపు దినములు. అయినను తమ పనిపై అసంతృప్తి గలవారు కొద్దిమందియే అని తేలినది. ఆ తరువాత అనేక దేశములలో జరిగిన సర్వేలలోను, మొత్తముమీద అడిగినప్పుడు తృప్తిగా ఉన్నామని చెప్పువారే అధికముగా కనిపించుచున్నారు. మరి ఉదయము ఎనిమిది గంటలకు బస్ స్టాండులో కనబడు ఆ ముఖముల మాట ఏమి?

ఇచ్చట ఒక చిక్కు కలదు. “మొత్తముమీద ఎట్లున్నది?” అని అడిగినప్పుడు మనిషి తన జీవితమును దూరమునుండి చూచి తీర్పు చెప్పును. జీతము, పరువు, పిల్లల చదువు, ఇరుగుపొరుగువారితో పోలిక, ఇవన్నియు ఆ తీర్పులో చేరును. గంట గంటకు కలుగు అనుభవము వేరు. ఈ రెండవదానిని పట్టుకొనుటకు, 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమన్, మరి నలుగురు సహచరులతో కలిసి 2004లో ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో ఉద్యోగము చేయు 909 మంది స్త్రీలను తీసికొని, నిన్నటి దినమును నాటకములోని రంగములవలె ముక్కలు ముక్కలుగా జ్ఞాపకము చేసికొని వ్రాయుమనిరి. ప్రతి ముక్కకు ఆనందము, విసుగు, ఆందోళన మొదలగు భావములు ఎంతెంత కలిగినవో 0 నుండి 6 వరకు అంకె వేయుమనిరి. మంచి భావముల సగటునుండి చెడు భావముల సగటును తీసివేయగా వచ్చినదే ఆ సమయపు నికర సుఖము.

ఫలితము గమనింపదగినది. రాత్రి భోజన సమయమునకు 3.96 వచ్చినది. పనిచేయు సమయమునకు 2.65. ఉదయము పనికి పోవు ప్రయాణమునకు 2.03. ఆ పట్టికలో అన్నిటికంటె అడుగున ఉన్నది ఇదియే; ఇల్లు సర్దుకొనుట కూడ దీనికంటె మేలే. అయితే సాయంకాలము తిరిగి వచ్చు ప్రయాణమునకు 2.78 వచ్చినది. అదే దారి, అదే దూరము, పైగా సాయంకాలము ఒడలు అలసి ఉండును. అయినను అంకె పెరిగినది. ఇంటికి చేరుచున్నామను సంతోషము కొంత కారణము కావచ్చును. కాని నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది, సాయంకాలము పది నిమిషములు ఆలస్యమైనను హాజరు పట్టీలో ఎఱ్ఱ సిరా గీత పడదు.

ఈ ఊహకు బలమునిచ్చు సాక్ష్యము మరియొక దిక్కునుండి వచ్చినది. మనిషి నోటిమాటపై ఆధారపడక, అతని శరీరమునే ప్రశ్నించు పద్ధతి అది. మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వీనిని అధివృక్క గ్రంథులు అందురు. అపాయముగాని, ఒత్తిడిగాని కలిగినప్పుడు ఇవి అడ్రినలిన్ అను హార్మోనును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపు పోటు పెరుగును, కాలేయములో నిలువయున్న చక్కెర రక్తములోనికి వచ్చును. పులి ఎదురైనప్పుడు పోరాడుటకో, పారిపోవుటకో ఇది ఉపయోగించును. బస్సు రానప్పుడు మాత్రము ఈ ఏర్పాటు వలన ప్రయోజనమేమియు లేదు. గుండె ఊరక శ్రమపడును. ఇట్లు విడుదలయైన అడ్రినలిన్‌లో కొంత భాగము మూత్రములో బయటికి పోవును. కావున మూత్రమును పరీక్షించి, ఆ మనిషి ఎంత ఒత్తిడికి లోనైనదియు అంచనా కట్టవచ్చును.

స్వీడన్ దేశములో మరియాన్ ఫ్రాంకెన్‌హాయ్‌సర్ అను విదుషీమణి ఈ కొలతను ప్రయోగశాలనుండి నిత్యజీవితములోనికి తెచ్చినది. ఆమె సహచరుడు ఉల్ఫ్ లుండ్‌బెర్గ్ 1970 తరువాతి యేండ్లలో, నీనెస్‌హామ్న్ అను రేవుపట్టణమునుండి స్టాక్‌హోమ్‌నకు ప్రతిదినము రైలులో పనికి పోవువారిని పరిశీలించెను. వీరిలో రెండు తెగలు. ఒక తెగవారు రైలు బయలుదేరు చోటనే ఎక్కుదురు. వారి ప్రయాణము 79 నిమిషములు. రెండవ తెగవారు సగము దారిలో ఎక్కుదురు; వారికి 43 నిమిషములే. ఎవరి అడ్రినలిన్ ఎక్కువగా ఉండవలెను? ఎక్కువసేపు ప్రయాణించువారిదే అని ఎవరైనను చెప్పుదురు. కాని జరిగినది దానికి విరుద్ధము. నడుమ ఎక్కినవారి మూత్రములోనే అడ్రినలిన్ అధికముగా కనిపించినది.

కారణము ఏమనగా, మొదటి ఊరిలో ఎక్కువారికి పెట్టె ఖాళీగా దొరకును. కిటికీ ప్రక్క కావలెనో, స్నేహితుని ప్రక్క కావలెనో తామే నిర్ణయించుకొందురు. సంచి ఒకచోట, కోటు ఒకచోట పెట్టుకొని నెమ్మదిగా సర్దుకొందురు. నడుమ ఎక్కువారికి మిగిలిన చోటే గతి. ఈ పరిశీలనలో మరియొక విశేషము కూడ ఉన్నది. 1974 ఆరంభములో చమురు సంక్షోభము వలన స్వీడన్‌లో పెట్రోలుకు రేషను పెట్టిరి. కార్లు ఇంటవిడిచి జనము రైళ్లు ఎక్కిరి. అప్పటికిని కూర్చుండుటకు చోటు దొరకుచునే ఉండినది. అయినను రైలులో జనము పెరిగినకొలది ప్రయాణికుల అడ్రినలిన్ కూడ పెరిగినది.

ఈ సంగతి చదివినప్పుడు మన బస్ స్టాండులు కన్నులకు కట్టుచున్నవి. బస్సు ఇంకను ఆగకమునుపే కిటికీలోనుండి సీటుమీద చేతిరుమాలు వేయు నేర్పు మనవారికి ఎవరును నేర్పలేదు. దానిని చూచి నవ్వుకొనుట కలదు. కాని స్టాక్‌హోమ్ రైలులో సంచి పెట్టుకొనిన పెద్దమనిషికిని, ఇక్కడ తువాలు విసరిన రైతుకును కావలసినది ఒక్కటే: రాబోవు గంటసేపటిలో తన చేతిలో ఉన్నది ఏదో కొంత అయినను ఉండవలెను. దీనిని మనము స్వాధీనత అందము. ప్రారంభములో నేను చెప్పిన అంశము ఇదియే.

అయితే కాలము లెక్కలోనిది కాదని చెప్పుట పొరపాటు. అమెరికాలోని న్యూ జెర్సీనుండి న్యూయార్కు నగరములోని మాన్‌హాటన్‌నకు రైలులో పోవువారిని గ్యారీ ఎవాన్స్, రిచర్డ్ వెనర్ అను పరిశోధకులు అనేక సంవత్సరములు పరీక్షించిరి. వీరు కొలిచినది కార్టిసాల్ అను మరియొక హార్మోను. ఇది లాలాజలములో లభించును గనుక సూది గ్రుచ్చనక్కరలేదు. 2006లో వారు ప్రకటించిన ఫలితములలో ప్రయాణము పొడుగైనకొలది కార్టిసాల్ ఎక్కువగా ఉన్నది. అచ్చుతప్పులు దిద్దు పని ఇచ్చినప్పుడు దానిలో పట్టుదల తగ్గినది. కాని అదే మార్గములో స్వాధీనతకు సంబంధించిన సాక్ష్యమును వారే చూపిరి. రైలు ఎప్పుడు చేరునో నమ్మకము లేనివారిలో ఒత్తిడి హెచ్చు. 1996లో అక్కడ కొన్ని రైళ్లను నడుమ హోబోకెన్‌లో దిగి మారనక్కరలేకుండ నేరుగా నగరములోనికి నడిపిరి. ఆ రైళ్లకు మారినవారిలో ఒత్తిడి తగ్గినది. ఇంకొక చిత్రము: పెట్టెలో మొత్తము ఎందరున్నారను దానికంటె, తన సీటుకు ఆనుకొని ఎందరున్నారను దానితోనే ఒత్తిడికి దగ్గరి సంబంధము కనిపించినది. ముగ్గురు కూర్చుండు బల్లపై నడుమ ఇరుకుకొనినవారికి దీనిని వివరింపనక్కరలేదు.

ఇక ఉద్యోగమునకు వత్తము. 1967లో లండన్ నగరములోని ప్రభుత్వోద్యోగులను పరిశీలించుట ప్రారంభమైనది. అక్కడి ప్రభుత్వ కార్యాలయములున్న వీధి పేరుమీద దీనికి వైట్‌హాల్ పరిశోధన అని పేరు వచ్చినది. సుమారు 17,500 మంది పురుషులను పరీక్షింపగా, పై అధికారులకంటె బంట్రోతులలోను, ద్వారపాలకులలోను మరణములు సుమారు మూడురెట్లు ఎక్కువ అని తేలినది. “పెద్ద బాధ్యతలు మోయువారికే గుండెజబ్బు” అను సామాన్యాభిప్రాయము తలక్రిందులైనది. పొగత్రాగుట మొదలగు అలవాట్లు ఈ తేడాలో కొంత భాగమునే వివరించినవి. 1985లో 10,308 మంది స్త్రీ పురుషులతో రెండవ పరిశోధన ఆరంభించిరి. మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1997లో ప్రకటించినదానినిబట్టి, ఏ పని ముందు చేయవలెను, ఎట్లు చేయవలెను, ఎప్పుడు విశ్రమింపవలెను అను విషయములలో తన మాట చెల్లని ఉద్యోగికి గుండెజబ్బు వచ్చు అవకాశము అధికము. పై తరగతికి క్రింది తరగతికి గల తేడాలో పెద్ద భాగము ఈ ఒక్క అంశముతో ముడిపడి ఉన్నది.

అంతకుముందే 1979లో రాబర్ట్ కారాసెక్ ఈ భావమును సూత్రముగా చెప్పియుండెను. పనిభారము ఒక్కటే మనిషిని దెబ్బతీయదు. భారము ఎక్కువై, నిర్ణయించు స్వేచ్ఛ తక్కువైనప్పుడే ముప్పు. భారమును స్వేచ్ఛయు రెండును ఉన్నచోట మనిషి నేర్చుకొనును, ఎదుగును. పాఠ్యప్రణాళిక, కాలపట్టిక, పరీక్ష తేదీ అన్నియు పైనుండి వచ్చుచుండ, తరగతి గదిలోని నలువది అయిదు నిమిషములు మాత్రము తనవిగా ఉంచుకొను ఉపాధ్యాయునికి ఈ మాటలోని సత్యము బోధపడును.

ప్రయాణము ఇంత బాధాకరమైనచో జనులు దూరపు ఉద్యోగములకు ఏల ఒప్పుకొందురు? ఎక్కువ జీతమో, చవుక అద్దెయో ఆ బాధకు సరిపోవునని అర్థశాస్త్రము చెప్పును. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అను స్విట్జర్లాండు అర్థశాస్త్రజ్ఞులు జర్మనీలో 1985 నుండి 2003 వరకు ఏటేట అవే కుటుంబములనుండి సేకరించిన వివరములతో దీనిని పరీక్షించిరి. లెక్క సరిపోలేదు. ప్రయాణకాలము హెచ్చినవారు జీవితతృప్తి తక్కువగానే చెప్పిరి. జీతపు అంకె ఒప్పుకొనిన దినముననే కనిపించును; ప్రయాణపు విసుగు ప్రతి ఉదయము క్రొత్తగా పుట్టును. బహుశః లెక్క తప్పుట ఇక్కడనే.

నడిచిగాని, సైకిలుపైగాని పనికి పోవువారి సంగతి వేరు. బ్రిటన్‌లో ఇంచుమించు 18,000 మంది వివరములతో 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, కారు నడుపుకొనుచు పోవువారికంటె వీరి మనస్స్వాస్థ్యము మెరుగుగా కనిపించినది. దీనిని యథాతథముగా మన దేశమునకు వర్తింపజేయరాదు. 2011 జనాభా లెక్కలలో వ్యవసాయేతర పనులకు ప్రయాణించువారిలో నడిచి పోవువారే, బస్సు ఎక్కువారికంటె ఎక్కువమంది. కాని లండన్‌లో కారు ఇంటవిడిచి నడచుట ఒక ఎంపిక. బస్సు చార్జీ మిగుల్చుకొనుటకు ఎండలో అయిదు కిలోమీటర్లు నడచు కూలికి అది ఎంపిక కాదు. కాళ్ల కండరములకు రెండును ఒక్కటే. అధివృక్క గ్రంథులకు ఒక్కటి కాకపోవచ్చును.

ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని స్వయముగా పరిశీలింపవచ్చును. తరగతిలో దూరమునుండి వచ్చువారు ఇరువదిమంది ఉన్నచో చాలును. ప్రతివారును రెండు వారములు ఒక కాగితముపై నాలుగు గళ్లు గీసి నింపవలెను: ప్రయాణమునకు పట్టిన నిమిషములు, ఆ బస్సుకై కాచియున్న నిమిషములు, సీటు దొరకినదా లేదా, బడి చేరునప్పటికి మనస్సు ఎట్లున్నదో 0 నుండి 6 వరకు ఒక అంకె. అంకెను మొదటి గంట కొట్టకముందే వేయవలెను. సాయంకాలము జ్ఞాపకము చేసికొని వేసినచో ఆనాటి పరీక్ష మార్కులు దానిలో కలిసిపోవును. తరువాత సీటు దొరకిన దినముల సగటును, దొరకని దినముల సగటును ఒక్కొక్క విద్యార్థికి విడివిడిగా కట్టవలెను. అందరివి ఒక్కటిగా కుప్పపోసినచో, సహజముగా నవ్వుముఖము గలవాడు మొదటి స్టేజీలో ఎక్కువాడైయుండి మనలను మోసగింపవచ్చును.