కారు కదలకపోతే తప్పు బ్యాటరీదేనా?

మా మనవరాలి పరీక్ష రోజు ఉదయం కారు తాళం తిప్పితే టిక్ టిక్ అన్నదే గాని ఇంజను తిరగలేదు. ఆటోలో పరుగెత్తి, గేటు మూసే వేళకు చేరాం. సాయంత్రం దుకాణంలో చూపిస్తే "బ్యాటరీ పోయింది" అన్నారు. మా బళ్ళారి ఎండకు బ్యాటరీలు త్వరగా చెడతాయన్నది నిజమే కనుక నమ్మి, కొత్తది వేయించాం. ఇరవై రోజులకు మళ్ళీ అదే టిక్ టిక్!

అసలు లోపం పట్టినవాడు ఐ.టి.ఐ. చదువుతున్న మా పక్కింటి అబ్బాయి. అతని చేతిలో ఉన్నది కొన్ని వందల రూపాయల మల్టీమీటరు, అంతే.

నేను బి.కాం. చదివినవాణ్ణి, నాకు అర్థమైన తీరులో చెబుతాను. బ్యాటరీ ఒక పొదుపు ఖాతా. స్టార్టరు మోటారు ఒక్క క్షణంలో వంద ఆంపియర్లకు పైగా డ్రా చేస్తుంది. ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటరు తిరిగి జమ కడుతుంది. ఖాతాలో సొమ్ముండి కూడా కౌంటరు దాకా రాకపోవచ్చు. మాకు జరిగింది అదే.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. రాత్రంతా ఆగిన కారులో మీటరు 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12కు దిగువనైతే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 12 దగ్గరే ఆగిపోతే బ్యాటరీని కాదు, ఆల్టర్నేటరును, దాని బెల్టును చూపించండి.

మా బ్యాటరీ 12.5 చూపింది. అప్పుడా అబ్బాయి మీటరు ఒక తీగను నెగటివ్ టెర్మినల్‌కు, రెండోదాన్ని ఇంజను ఇనుముకు ఆనించి తాళం తిప్పమన్నాడు. అక్కడ అర వోల్టుకు మించి రాకూడదట. మాకు 3 వచ్చింది! ఎర్తు కేబులు చివర తుప్పు పట్టింది. విప్పి, గీకి, బిగించాడు. ఖర్చు ఒక కాఫీ. పాత బ్యాటరీ అప్పటికే దుకాణానికి మార్పిడిలో పోయింది.

ఇలాంటి పని చేసేటప్పుడు నెగటివ్ తీగ ముందు విప్పాలి, చివర బిగించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీరు వద్దు.

ఇక చడీచప్పుడు లేని దొంగ ఒకడున్నాడు. ఆపి ఉంచిన కారులోనూ గడియారం, అలారం కొద్దిగా కరెంటు తాగుతుంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు పరవాలేదంటారు. కాని పిల్లలు లెక్క వేయండి: 0.05ను 24 గంటలతో, 30 రోజులతో గుణిస్తే 36 ఆంపియర్ అవర్లు. చిన్న కార్ల బ్యాటరీ 35 మాత్రమే! సెలవులకు ఊరెళ్ళి నెల తర్వాత వచ్చినవారి కారు కదలకపోవడంలో వింత లేదు. ఈ కారుతున్న కరెంటును కొలవాలంటే నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టాలి. అప్పుడు మాత్రం తాళం తిప్పకండి, మీటరులోని ఫ్యూజు పోతుంది.