ఇరవై ఆరు తుపాకులు

కోనసీమలో మా తాతయ్య ఇంట్లో, పడమటింటి గోడకు రెండు మేకుల మీద ఒక తుపాకి ఉండేది. లైసెన్సుదే. ఎన్నికలొచ్చాయంటే దాన్ని గోనెపట్టాలో చుట్టి సైకిలుకు కట్టుకుని వెళ్లి, ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. చేత్తో పట్టుకునేచోట కర్ర చీలితే రాగితీగ బిగించి చుట్టాడు. ఆ తీగ ఏళ్ల తరబడి చెయ్యి తగిలి తగిలి ఒకవైపు నున్నగా మెరిసేది, రెండోవైపు పచ్చగా చిలుం పట్టి ఉండేది.

నాకప్పుడు పదేళ్లు. ‘‘దీన్నెవరు చేశారు తాతయ్యా?’’ అనడిగాను.

‘‘ఒకడు చేసింది కాదురా అబ్బాయ్. గొట్టం ఎక్కడిదో, కర్ర మన వడ్రంగి చెక్కింది, తీగ నేను చుట్టింది. లోపల మందూ గుండూ లేకపోతే ఇదంతా కలిపి ఒక దుడ్డుకర్ర.’’

ఆ మాట నాకు నలభై ఏళ్ల తర్వాత రాజవొమ్మంగి రోడ్డు మీద గుర్తొచ్చింది. జగ్గంపేట దాటి, ఏలేశ్వరం దాటి, అడ్డతీగల మీదుగా కొండల్లోకి ఎక్కుతుంటే వరిచేలు వెనకబడి అడవి మొదలవుతుంది. 1922 ఆగస్టులో ఈ కొండల్లో తెల్లదొరల మీద తిరగబడిన మూడు వందల మందికి ఎదురైన ప్రశ్న కూడా అలాంటిదే. మనకో రైఫిలు కావాలంటే దానికి ఏ భాగం ఎక్కడ దొరుకుతుంది?

ఈ కాలంలో ఆ ప్రశ్నకు చట్టమే జవాబు చెబుతుంది. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. అప్పట్లో తెల్లదొరల 1878 చట్టం ఉండేది. 1857 చూశాక జనం చేతిలో ఆయుధం ఉండకూడదన్న భయంతో తెచ్చిన చట్టమది. దాని పక్కనే 1882 మద్రాసు అటవీ చట్టం. పోడు కొట్టుకోవద్దు, కట్టె తెచ్చుకోవద్దు. కింద డెల్టాకు 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట వచ్చి కాలవల నిండా నీళ్లు పారాయి. పైన కొండల్లో గిరిజనుడికి దక్కింది మాత్రం నర్సీపట్నం–లంబసింగి రోడ్డు మీద వెట్టిచాకిరీ. కూలి అడిగినవాణ్ణి గూడెం తహసీల్దారు బాస్టియన్ కొట్టించేవాడు. మా డెల్టా పచ్చదనం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సగం కూడా చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ కొండలెక్కి తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజుది డెల్టా కుటుంబమే. పుట్టింది 1897 జూలై 4న, అమ్మమ్మగారి ఊరు పాండ్రంగిలో. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. 1908 పుష్కరాల్లో కలరా సోకి ఆయన పోయేనాటికి పిల్లవాడికి పదకొండేళ్లు. మన్యంలో రాజుకు కుడిభుజమైన అగ్గిరాజు, అంటే వేగిరాజు సత్యనారాయణరాజు, మోగల్లుకు కూతవేటు దూరంలోని కుముదవల్లి వాడు. చుట్టూ నిలిచినవాళ్లు మాత్రం కొండవాళ్లు. మునసబు పని పోగొట్టుకున్న గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర, గోకిరి ఎర్రేసు, బోనంగి పండుపడాలు.

వాళ్ల దగ్గర విల్లంబులున్నాయి, నాటు తుపాకులున్నాయి. నాటు తుపాకికి మందు, గుండు మూతి నుంచి దట్టించి కమ్మితో కూరాలి. అది నిలబడి చేసే పని. నిలబడితే అవతలివాడికి గురి దొరికినట్టే. పైగా ఆగస్టు. మన్యంలో ఆ నెల మబ్బు కొండ దిగదు, చెట్టు ఆకు ఆరదు. తడిసిన మందు అంటుకోదు. పోలీసు రైఫిలు సంగతి వేరు. మందూ, గుండూ, నిప్పూ అన్నీ ఒకే ఇత్తడి గొట్టంలో బిగించి ఉంటాయి. వానలో తడిసినా పేలుతుంది. బోర్లా పడుకుని వెనకనుంచి నింపుకోవచ్చు. విల్లు అడవి ఇస్తుంది, కర్ర వడ్రంగి చెక్కుతాడు, ఇనుము కమ్మరి సాగదీస్తాడు. ఆ ఇత్తడి తూటా మాత్రం ఏ కొండా ఇవ్వదు, ఏ కొలిమీ చెయ్యలేదు. అది సర్కారు కొట్లోనే దొరుకుతుంది.

అందుకే సర్కారు కొట్టుకే వెళ్లారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా. 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయినెట్లు, 5 కత్తులు తీసుకున్నారు. ఏమేం తీసుకెళ్తున్నారో ఠాణా పుస్తకంలోనే రాసి, కింద సీతారామరాజు సంతకం చేశాడు. మా తాతయ్య తుపాకి అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఇక్కడ తుపాకులు తీసుకున్నవాడే రసీదు రాసిచ్చాడు. మర్నాడు కృష్ణదేవిపేట, 7 తుపాకులు. ఆ మర్నాడు రాజవొమ్మంగి, 8 తుపాకులు. అక్కడ ఖైదులో ఉన్న మొట్టడం వీరయ్యదొరను కూడా విడిపించారు. మూడు రోజులు, మూడు ఠాణాలు, 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు.

నేనీ లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చింతపల్లిలో తుపాకుల కంటే బాయినెట్లు మూడు ఎక్కువ. అంటే చేతికందిన ఇనుపముక్క ఏదీ వదల్లేదు. మొత్తం తూటాలను 26 తుపాకులకూ పంచితే ఒక్కోదానికి నూరు, అటూ ఇటూ. గురి నేర్చుకోవడానికి, పోరాడడానికి, వెనక్కి తగ్గేటప్పుడు కాపుకాయడానికి అన్నిటికీ కలిపి ఆ నూరే. పేల్చిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, మళ్లీ పుట్టదు. సినిమాల్లో మనం చూసిన మన్యం పోరాటంలో తూటాలకు లెక్క ఉండదు. అసలు పోరాటంలో ప్రతి తూటాకూ లెక్కుంది. ఆ లెక్క తెలిసీ దాదాపు రెండేళ్లు నిలబడ్డారు. నా దృష్టిలో వాళ్ల ధైర్యం కొలవాల్సింది అక్కడే.

పొదుపుగా వాడడం ఎలాగో సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కనిపించింది. ఇరుకు దారి, పైన పొదల్లో మనవాళ్లు. ముందు నడిచే దేశీ సిపాయిలను పోనిచ్చారు. వెనకొస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. ఇద్దరూ అక్కడే కూలిపోయారు, పటాలం చెదిరిపోయింది. మన సిపాయి మీద గుండు ఖర్చు చేయకూడదన్నది రాజు నియమం. అది దయ, అదే పొదుపు కూడా.

ఆయన పట్టుకున్న ఇంకో నియమం మాత్రం దళానికి నష్టమే తెచ్చింది. వస్తున్నానని ముందే చెప్పి రావడం. బాణానికి మిరపకాయలు కట్టి పంపే ఆ కబురును జనం ‘మిరపకాయ టపా’ అన్నారు. అక్టోబరు 15న అడ్డతీగల వెళ్తానని ముందే చెప్పాడు, వెళ్లాడు. ఠాణాలో రెండున్నర గంటలు వెతికినా ఒక్క తుపాకీ దొరకలేదు. కబురందగానే పోలీసులు దాచేశారు. నాలుగు రోజులకు పట్టపగలు రంపచోడవరం వెళ్తే జనం హారతులు పట్టారు గాని ఆయుధాలు చిక్కలేదు. ఆ వైపు ఠాణాల కొట్లు ఖాళీ చేసి తాళాలేశారన్నమాట. ముందు చెప్పకుండా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అనుకోకుండా ఉండలేను. అయితే చెప్పకుండా వెళ్లేవాడైతే చింతపల్లి పుస్తకంలో సంతకమూ ఉండేది కాదు.

ఆ తర్వాత మలబారు పోలీసు, మరికొంత కాలానికి అస్సాం రైఫిల్సు దిగాయి. వాళ్ల తూటాలు బండ్ల మీద వచ్చేవి. అయిపోతే మళ్లీ వచ్చేవి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేలలో ఎదురుపడినప్పుడు రాజు దళం మనుషులనూ తుపాకులనూ పోగొట్టుకుంది. పోయినవాటిని పూడ్చుకునే దారి లేదు. 1924 ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చాక ఊళ్లకు ఊళ్లే నలిగిపోయాయి. మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని కొయ్యూరులో చెట్టుకు కట్టి మేజర్ గుడాల్ కాల్పించాడు. విచారణ లేదు. ఇరవై ఏడు నిండని మనిషి.

అగ్గిరాజును అండమాన్ పంపారు. అదే అండమాన్ చూసిన మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. భీమవరంలో 2022 జూలై 4న ముప్పై అడుగుల కంచు విగ్రహం లేచింది. ఆ ఏడాదే ఏప్రిల్లో రాజు పేరుతో కొత్త జిల్లా వచ్చింది. డెల్టా పిల్లలు ఆ విగ్రహం ముందు ఫొటోలు దిగుతున్నారు. మంచిదే. ఒక్కసారి కొండెక్కి ఆ మూడు ఠాణాల ఊళ్లు కూడా చూసి వస్తే ఇంకా మంచిది.

నేను చివరికి ఆగింది కృష్ణదేవిపేటలో. కొయ్యూరు నుంచి రాజు శరీరాన్ని తెచ్చింది ఈ ఊరికే. పక్కపక్కనే రెండు సమాధులు, ఒకటి రాజుది, ఒకటి గంటందొరది. రెండో రోజున ఏడు తుపాకులు తీసుకుంది ఈ ఊరి ఠాణా నుంచే. నేను వెళ్లేసరికి వాన వెలిసి సమాధి గట్టు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడ ఊడుస్తున్న పెద్దావిడ చీపురు గోడకానించి, ‘‘ఏ ఊరు బాబూ?’’ అంది. కోనసీమ అన్నాను. ‘‘రాజుగారిదీ అటేగా’’ అని మళ్లీ చీపురందుకుంది.