మహమ్మద్ హుసాముద్దీన్

మహమ్మద్ హుసాముద్దీన్ (జననం: 1994 ఫిబ్రవరి 12) తెలంగాణ రాష్ట్రములోని నిజామాబాదుకు చెందిన భారతీయ బాక్సింగ్ క్రీడాకారుడు. ఇతడు 57 కిలోల ఫెదర్‌వెయిట్ విభాగంలో 2023 ప్రపంచ పురుషుల బాక్సింగ్ పోటీలలో కాంస్య పతకం సాధించాడు. 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కూడా కాంస్య పతకాలు గెలుచుకున్నాడు. 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందాడు. ప్రపంచ స్థాయిలో పతకం సాధించినప్పటికీ ఇతడికి ఒలింపిక్ క్రీడలలో పాల్గొనే అవకాశం దక్కలేదు.

కుటుంబ నేపథ్యం

హుసాముద్దీన్ తండ్రి సంసముద్దీన్ స్వయంగా బాక్సర్, నిజామాబాదులో శిక్షకుడు. అన్నలు కూడా బాక్సర్లే. హుసాముద్దీన్ తొలి పాఠాలు తండ్రి వద్దనే నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో రెండుసార్లు (2022, 2023) ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ కూడా బాల్యంలో సంసముద్దీన్ వద్దనే శిక్షణ పొందింది. ఆ విధంగా ఒకే ఊరిలో, ఒకే గురువు వద్ద ఓనమాలు దిద్దుకున్న ఇద్దరు ప్రపంచ పోటీలలో పతకాలు సాధించారు.

హుసాముద్దీన్ తరువాత భారత సైన్యంలో చేరి, జాతీయ పోటీలలో సర్వీసెస్ జట్టు తరఫున ఆడాడు. భారతదేశంలో అమెచ్యూర్ బాక్సర్లలో చాలామందికి సైన్యం, రైల్వే, పోలీసు వంటి సంస్థలలోని ఉద్యోగమే జీవనాధారం. జీతం, వసతి, శిక్షణ అక్కడి నుంచే లభిస్తాయి.

ఫెదర్‌వెయిట్ విభాగం

బాక్సింగులో పోటీదారులను శరీర బరువును బట్టి విభాగాలుగా విభజిస్తారు. ప్రొఫెషనల్ బాక్సింగులో ఫెదర్‌వెయిట్ గరిష్ఠ పరిమితి 126 పౌండ్లు, అనగా సుమారు 57.15 కిలోలు. ఒలింపిక్ తరహా బాక్సింగులో ఇది 57 కిలోలు. ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ పోరు 12 రౌండ్ల వరకు సాగుతుంది. ఒలింపిక్ తరహా పోటీలో మూడు నిమిషాల రౌండ్లు మూడే ఉంటాయి. అయితే ప్రొఫెషనల్ బాక్సర్ రెండు పోరాటాల మధ్య నెలల తరబడి విరామం తీసుకోగలడు. అమెచ్యూర్ బాక్సర్ మాత్రం ఒకే టోర్నమెంటులో కొద్ది రోజుల వ్యవధిలోనే నాలుగైదు సార్లు బరిలోకి దిగవలసి ఉంటుంది. మధ్యలో గాయపడితే కోలుకొనే వ్యవధి ఉండదు.

పురుషులకు ఈ విభాగం ఎల్లప్పుడూ అందుబాటులో లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ వరకు ఉన్న 57 కిలోల విభాగాన్ని 2012, 2016 ఒలింపిక్స్‌లో తొలగించి, 56 కిలోలు, 60 కిలోల విభాగాలను ఉంచారు. అందువలన హుసాముద్దీన్ తన తొలి అంతర్జాతీయ పోటీలలో 56 కిలోల విభాగంలో ఆడాడు. టోక్యో ఒలింపిక్స్ నాటికి 57 కిలోల విభాగం తిరిగి వచ్చింది.

కామన్వెల్త్ క్రీడలు

2017లో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా స్మారక టోర్నమెంటులో హుసాముద్దీన్ రజత పతకం సాధించాడు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 56 కిలోల విభాగంలో సెమీఫైనల్ చేరి, ఇంగ్లాండుకు చెందిన పీటర్ మెక్‌గ్రెయిల్ చేతిలో ఓడి కాంస్యం పొందాడు. మెక్‌గ్రెయిల్ టోక్యో ఒలింపిక్స్ తరువాత ప్రొఫెషనల్ బాక్సింగులో ప్రవేశించాడు.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో 57 కిలోల విభాగంలో దక్షిణాఫ్రికా, బంగ్లాదేశ్, నమీబియా బాక్సర్లపై వరుసగా గెలిచాడు. సెమీఫైనల్‌లో ఘనా దేశస్థుడు జోసెఫ్ కోమీ చేతిలో 1-4 తేడాతో ఓడి మరొక కాంస్యం సాధించాడు.

బాక్సింగులో సాధారణంగా కాంస్య పతకం కోసం విడిగా పోటీ జరగదు. సెమీఫైనల్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. కాబట్టి క్వార్టర్ ఫైనల్ గెలిస్తే పతకం ఖాయమైనట్లే.

2023 ప్రపంచ పోటీలు

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంటులో 2023 ఏప్రిల్ 30 నుంచి మే 14 వరకు ప్రపంచ పురుషుల బాక్సింగ్ పోటీలు జరిగాయి. హుసాముద్దీన్ తొలి పోరాటాలలో ఉత్తర మాసిడోనియా, చైనా బాక్సర్లపై నెగ్గి ముందుకు సాగాడు. క్వార్టర్ ఫైనల్‌లో ప్రత్యర్థి క్యూబాలో జన్మించి బల్గేరియా తరఫున ఆడుతున్న హావియెర్ ఇబానెజ్. ఆ పోరాటంలో న్యాయనిర్ణేతల అభిప్రాయం చీలిపోయింది. బౌట్ రివ్యూ పద్ధతి ప్రకారం అదనపు అధికారుల నిర్ణయాన్ని కూడా కలిపి ఫలితం తేల్చగా హుసాముద్దీన్ 4-3తో విజేతగా నిలిచాడు. ఐదుగురు న్యాయనిర్ణేతలు ఉండే ఆటలో ఏడు ఓట్లు కనిపించడానికి కారణం ఇదే.

ఆ పోరాటంలోనే హుసాముద్దీన్ మోకాలికి గాయమైంది. నొప్పి, వాపు ఎక్కువ కావడంతో క్యూబాకు చెందిన సైడెల్ హోర్టాతో మే 12న జరగవలసిన సెమీఫైనల్ నుంచి తప్పుకొన్నాడు. పోరాడకుండానే కాంస్యంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. దీపక్ భోరియా (51 కిలోలు), నిశాంత్ దేవ్ (71 కిలోలు) కూడా కాంస్యాలు సాధించడంతో పురుషుల ప్రపంచ పోటీలలో భారత్‌కు మొదటిసారి ఒకేసారి మూడు పతకాలు లభించాయి.

ఒలింపిక్ అర్హత

తాష్కెంట్ పోటీలను అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం నిర్వహించింది. కాంస్య విజేతకు 50,000 అమెరికన్ డాలర్ల నగదు బహుమతి ప్రకటించింది. కాని ఆ సంఘాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో సస్పెండు చేసింది, 2023 జూన్‌లో గుర్తింపును రద్దు చేసింది. పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలను కమిటీయే వేరుగా ఏర్పాటు చేసింది. అందువలన ప్రపంచ పోటీల పతకం వలన ఒలింపిక్ స్థానం లభించలేదు. ఆసియా బాక్సర్లకు తొలి అర్హత పోటీ 2023 సెప్టెంబరు-అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలు. అక్కడ 57 కిలోల విభాగంలో భారత్ తరఫున సచిన్ సివాచ్ బరిలోకి దిగాడు.

హుసాముద్దీన్‌కు 2024 ఆరంభంలో ఇటలీలోని బుస్టో అర్సిజియోలో జరిగిన ప్రపంచ అర్హత పోటీలో అవకాశం వచ్చింది. ఆరంభ దశలోనే ఐర్లండ్ బాక్సర్ జూడ్ గల్లాహర్ చేతిలో ఓడిపోయాడు. బర్మింగ్‌హామ్‌లో ఇదే విభాగంలో స్వర్ణం గెలిచినవాడు గల్లాహరే. బ్యాంకాక్‌లో జరిగిన తదుపరి అర్హత పోటీలో సచిన్ సివాచ్ కూడా సఫలం కాలేదు. ఫలితంగా పారిస్‌లో పురుషుల 57 కిలోల విభాగంలో భారత ప్రాతినిధ్యం లేకుండా పోయింది. తాష్కెంటులో హుసాముద్దీన్ చేతిలో ఓడిన ఇబానెజ్ మాత్రం పారిస్‌లో అదే విభాగంలో కాంస్యం గెలుచుకున్నాడు.

విభాగం భవిష్యత్తు

ఒలింపిక్ బాక్సింగ్ నిర్వహణ బాధ్యతను చేపట్టిన వరల్డ్ బాక్సింగ్ సంస్థ 2025 నుంచి కొత్త బరువు విభాగాలను అమలు చేసింది. వీటిలో పురుషులకు 55 కిలోలు, 60 కిలోల విభాగాలు ఉన్నాయి, 57 కిలోల విభాగం లేదు. మహిళలకు అది కొనసాగుతున్నది. ఈ మార్పు వలన 57 కిలోల పురుష బాక్సర్ రెండు కిలోలు తగ్గడమో, తనకంటే మూడు కిలోలు బరువైన వారితో తలపడడమో తప్పదు. ప్రొఫెషనల్ బాక్సింగులో మాత్రం ఫెదర్‌వెయిట్ విభాగం యథాతథంగా ఉన్నది. తాష్కెంటులో హుసాముద్దీన్‌తో పాటు పతకం గెలిచిన నిశాంత్ దేవ్ 2025 జనవరిలో ప్రొఫెషనల్ బాక్సింగులో అడుగుపెట్టాడు.

ముఖ్య విజయాలు

2017: స్ట్రాంజా స్మారక టోర్నమెంటు, రజతం
2018: కామన్వెల్త్ క్రీడలు, గోల్డ్ కోస్ట్, కాంస్యం (56 కిలోలు)
2022: కామన్వెల్త్ క్రీడలు, బర్మింగ్‌హామ్, కాంస్యం (57 కిలోలు)
2023: ప్రపంచ పోటీలు, తాష్కెంట్, కాంస్యం (57 కిలోలు)
2023: అర్జున పురస్కారం (2024 జనవరిలో ప్రదానం)