గని లేదు, అమ్మడానికి బంగారం లేదు.. మరి బోర్డు కోసం అంత కొట్లాట ఎందుకు? ఎకో ఓరో కథ

ఈ మధ్య చాలామంది నన్ను పెన్నీ స్టాక్స్ గురించి, ముఖ్యంగా బంగారం వెతికే చిన్న చిన్న కంపెనీల గురించి అడుగుతున్నారు. ఇలాంటి కంపెనీల్లో అసలు రిస్క్ భూమి లోపల కాదు, బోర్డు రూమ్‌లో ఉంటుంది అని నా అభిప్రాయం. అది ఎందుకో చెప్పడానికి కెనడా కంపెనీ ఒకటి తీసుకున్నాను. పేరు ఎకో ఓరో మినరల్స్.

ముందు ఒక చిన్న క్లారిటీ. మైనింగ్ కంపెనీ వేరు, ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ వేరు. మొదటిది తవ్వి అమ్ముతుంది, దానికి ఆదాయం ఉంటుంది. రెండోది వెతుకుతుంది, అంతే. డ్రిల్లింగ్ చేస్తుంది, శాంపిల్స్ ల్యాబ్‌కి పంపుతుంది, పర్మిషన్ల చుట్టూ తిరుగుతుంది. సేల్స్ సున్నా. మరి జీతాలు ఎక్కడి నుంచి? కొత్త షేర్లు అమ్మి. డబ్బు అయిపోయిన ప్రతిసారీ ఇంకొన్ని షేర్లు. అంటే మీ దగ్గరున్న షేర్ల సంఖ్య మారదు, కానీ కంపెనీలో మీ వాటా తగ్గుతూ పోతుంది. దీన్నే డైల్యూషన్ అంటారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఎకో ఓరో ఆఫీసు వాంకూవర్‌లో, ప్రాజెక్టు మాత్రం కొలంబియాలో. శాంటాండర్ ప్రాంతంలో, బుకారమాంగా అనే సిటీకి పైన కొండల్లో అంగోస్తురా అనే బంగారు నిక్షేపం. అప్పట్లో కంపెనీ పేరు గ్రేస్టార్ రిసోర్సెస్. సమస్య ఏంటంటే అక్కడి ఎత్తైన కొండ నేలని పారమో అంటారు. అది స్పాంజ్ లాంటిది, నీటిని పట్టుకుని మెల్లగా కిందికి వదులుతుంది. కింద సిటీ జనం తాగేది ఆ నీళ్లే. అక్కడ ఓపెన్ పిట్ తవ్వుతాం అంటే ఊరుకుంటారా? 2011లో బుకారమాంగాలో జనం వేల సంఖ్యలో రోడ్ల మీదకొచ్చారు. కంపెనీ ఓపెన్ పిట్ ప్లాన్ పక్కన పెట్టింది. అదే ఏడాది పేరు ఎకో ఓరో అని మార్చుకుంది. ఎకో అట! పేరు మార్చినంత మాత్రాన కొండ మారదు కదా. 2016 ఫిబ్రవరిలో కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం పారమోల్లో మైనింగే కుదరదు అని తీర్పిచ్చింది. ఆ తర్వాత కంపెనీ లీజులో సుమారు సగం పోయింది.

ఇప్పుడు కంపెనీ చేతిలో ఏం మిగిలింది? గని లేదు. తవ్వే అవకాశం కూడా దాదాపు లేదు. మిగిలింది ఒక్కటే, కేసు. కెనడా, కొలంబియా మధ్య వాణిజ్య ఒప్పందం ఉంది. దాని కింద కొలంబియా ప్రభుత్వం మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లొచ్చు. 2016 డిసెంబర్‌లో వెళ్లారు. చివరికి అడిగిన పరిహారం సుమారు 70 కోట్ల డాలర్లు.

కానీ ఇలాంటి కేసు నడపాలంటే లాయర్లకే కోట్లు కావాలి. న్యూయార్క్‌కి చెందిన టెనోర్ క్యాపిటల్ అనే ఫండ్ డబ్బు పెడతానని వచ్చింది. 2016లో కుదిరిన డీల్ 1.4 కోట్ల డాలర్లది. తర్వాత మరికొందరు పెద్ద ఇన్వెస్టర్లు కూడా కలిశారు. ఊరికే ఎవరూ ఇవ్వరు కదా. రేపు కేసు గెలిస్తే వచ్చే డబ్బులో సగానికి పైగా ఈ డబ్బు పెట్టినవాళ్లకి పోయేలా హక్కులు రాసిచ్చారు. దాంతో పాటు కన్వర్టిబుల్ నోట్స్ కూడా ఇచ్చారు, అంటే ఇప్పుడు అప్పు, కావాలంటే తర్వాత షేర్లుగా మార్చుకోవచ్చు.

మామూలు షేర్‌హోల్డర్ ఏమనుకుంటాడు? "కంపెనీకి మిగిలిన ఒకే ఒక ఆస్తి ఈ కేసు. అందులో పెద్ద ముక్క వాళ్లకే రాసిచ్చేస్తే నాకేంటి?" న్యాయమైన ప్రశ్నే. అయితే బోర్డు వైపు కూడా వినాలి. డబ్బు లేకపోతే కేసే లేదు, అప్పుడు అందరికీ సున్నా. రెండు వైపులా పాయింట్ ఉంది. అసలు గొడవ ఆ తర్వాత జరిగినదాంతోనే.

2017 ఫిబ్రవరిలో హారింగ్టన్ అనే ఫండ్, కోర్ట్నీ వుల్ఫ్ అనే ఇన్వెస్టర్, ఇంకొందరు కలిసి "డైరెక్టర్లని మార్చాలి, మీటింగ్ పెట్టండి" అని నోటీసిచ్చారు. బ్రిటిష్ కొలంబియా చట్టం ప్రకారం 5 శాతం షేర్లుంటే చాలు, ఇలా అడగొచ్చు. మీటింగ్ ఏప్రిల్‌కి ఫిక్స్ అయింది. ఇలాంటి మీటింగ్‌కి ఒక రికార్డ్ డేట్ ఉంటుంది. ఆ రోజు ఎవరి పేరు మీద షేర్లుంటే వాళ్లకే ఓటు.

ఇక్కడ చూడండి ఆట. రికార్డ్ డేట్‌కి వారం, పది రోజుల ముందు, మార్చి మధ్యలో, కంపెనీ ఆ నోట్స్‌లో కొంత భాగాన్ని షేర్లుగా మార్చి సుమారు కోటి షేర్లు ఇచ్చింది. మొత్తం షేర్లలో దాదాపు 10 శాతం! ఎవరికి? ఆ నోట్స్ ఉన్న నలుగురు పెద్ద ఇన్వెస్టర్లకి, అంటే బోర్డు వైపు వాళ్లకే. కంపెనీకి కొత్తగా ఒక్క డాలర్ రాలేదు. ఎందుకంటే అది పాత అప్పే, షేర్ల రూపంలోకి మారింది అంతే.

సింపుల్‌గా చెప్తాను. మీ అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు. సెక్రటరీని దింపేయాలని 11 మంది, ఉంచాలని 9 మంది. ఎలక్షన్‌కి వారం ముందు సెక్రటరీ తన ఫ్రెండ్స్‌కి ముగ్గురికి పార్కింగ్ స్లాట్లు రాసిచ్చి "వీళ్లకీ ఓటుంది" అన్నాడనుకోండి. 11 కి 12. ఎవరినీ ఒప్పించలేదు, ఎవరి మనసూ మారలేదు, లెక్క మారింది.

టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ షేర్లకి ఓకే చెప్పేసింది. దాంతో వీళ్లు అంటారియో సెక్యూరిటీస్ కమిషన్ దగ్గరికి వెళ్లారు. మనకి సెబీ ఎలాగో అంటారియో రాష్ట్రానికి అది అలాగ. ఆ ఏప్రిల్‌లోనే కమిషన్ ఎక్స్ఛేంజ్ ఇచ్చిన పర్మిషన్‌ని కొట్టేసింది. కంపెనీ కంట్రోల్ మీద ప్రభావం చూపే షేర్లు ఇవి, కాబట్టి షేర్‌హోల్డర్లని అడగాలి, వాళ్లు ఒప్పుకునే దాకా ఈ షేర్లతో ఓటు వేయడానికి లేదు అని తేల్చింది. ఎక్స్ఛేంజ్ నిర్ణయాన్ని రెగ్యులేటర్ ఇలా పక్కన పెట్టడం చాలా అరుదు. అందుకే కెనడా లాయర్లు ఈ కేసుని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత రెండు వర్గాలు రాజీకి వచ్చాయి, బోర్డు మారింది, కోర్ట్నీ వుల్ఫ్ ఎగ్జిక్యూటివ్ ఛైర్ అయ్యారు.

ఇప్పుడు మన దగ్గర సంగతి. మన కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 100 ఉంది. ఓటు హక్కున్న షేర్లలో 10 శాతం ఉన్నవాళ్లు కలిసి అడిగితే బోర్డు 21 రోజుల్లోపు మీటింగ్ పిలవాలి, మీటింగ్ 45 రోజుల్లోపు జరగాలి. 2021లో జీ ఎంటర్‌టైన్‌మెంట్ మీద ఇన్వెస్కో వాడింది ఇదే సెక్షన్.

ఇక కొందరికే కొత్త షేర్లు ఇచ్చే ప్రిఫరెన్షియల్ ఇష్యూకి మన దగ్గర స్పెషల్ రిజల్యూషన్ కావాలి, పడిన ఓట్లలో కనీసం 75 శాతం. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. ప్రమోటర్లు వారెంట్లు తీసుకుంటారు. 25 శాతం ముందు కట్టి, 18 నెలల్లోపు ఎప్పుడైనా మిగతాది కట్టి షేర్లుగా మార్చుకోవచ్చు. మీ ఓటు అడిగేది మొదట్లో ఒక్కసారే. మార్చుకునేటప్పుడు మళ్లీ అడగరు. అంటే అడ్డుపడాల్సిన టైమ్ నోటీసు వచ్చిన రోజే.

ఆ నోటీసు మీకు మెయిల్‌లోనే వస్తుంది. ప్రమోషన్ మెయిల్స్ మధ్యలో పడి ఉంటుంది, మనం చూడం. సీడీఎస్ఎల్ అయినా ఎన్ఎస్‌డీఎల్ అయినా లాగిన్ అయితే ఫోన్‌లోనే ఓటు వేయొచ్చు. ఈ-వోటింగ్ కనీసం 3 రోజులు తెరిచి ఉంటుంది, మీటింగ్ ముందు రోజు సాయంత్రం 5 గంటలకి క్లోజ్. నోటీసులో "వారెంట్స్", "కన్వర్టిబుల్", "ప్రిఫరెన్షియల్" అన్న మాట కనిపిస్తే ఆగి చదవండి. ఎవరికి ఇస్తున్నారు, ఎంత రేటుకి, ఇచ్చాక వాళ్ల వాటా ఎంత శాతానికి వెళ్తుంది, ఈ మూడూ అందులో రాసే ఉంటాయి.

అన్నట్టు, ఆ 70 కోట్ల డాలర్ల కేసు ఏమైందో చెప్పలేదు కదా. 2021 సెప్టెంబర్‌లో ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పు ఇచ్చింది, కొలంబియా కంపెనీతో సరిగా ప్రవర్తించలేదు అని. షేర్‌హోల్డర్లు సంబరపడి ఉంటారు. పరిహారం ఎంతో తేల్చడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 2024 జులైలో అది వచ్చింది. నష్టం ఇంత అని కంపెనీ రుజువు చేయలేకపోయింది కాబట్టి, ఇవ్వాల్సింది సున్నా డాలర్లు.

వచ్చే ఎపిసోడ్‌లో మన కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారం గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.